క్లోమం వాచిన ప్రతి రోగికీ కాల్షియం పరీక్ష చేయాలి

వైద్యులకు, ఆరోగ్యశాఖ అధికారులకు, రోగుల కుటుంబాలకు విజ్ఞప్తి

పొట్ట పైభాగాన మొదలై వీపులోకి పొడిచే నొప్పితో, ఆగని వాంతులతో వచ్చిన మనిషికి ప్యాంక్రియాటైటిస్, అంటే క్లోమం వాపు, అని తేలగానే మన ఆస్పత్రుల్లో ముందుగా వెతికేవి రెండు: పిత్తాశయంలో రాళ్లు, మద్యం అలవాటు. ఎక్కువ మందిలో కారణం అక్కడే దొరుకుతుంది కాబట్టి అది సబబే. ఆ రెండూ లేవని తేలాక కారణం తెలియదని రాసి ఇంటికి పంపేయడం మాత్రం సబబు కాదు. అలా వెళ్లిన వారిలో కొందరికి అసలు జబ్బు పొట్టలో కాదు, మెడలో ఉంటుంది. దాన్ని పట్టిచ్చే మొదటి ఆధారం రక్తంలోని కాల్షియం. అందుకే ప్యాంక్రియాటైటిస్ రోగులందరికీ ఆస్పత్రిలో చేరినప్పుడు ఒకసారి, కోలుకున్నాక మరోసారి ఈ పరీక్షను తప్పనిసరి చేయాలని కోరుతున్నాం.

మెడలో థైరాయిడ్ వెనుక సాధారణంగా నాలుగు పారాథైరాయిడ్ గ్రంథులు ఉంటాయి. ఒక్కొక్కటి బియ్యపు గింజంత. రక్తంలో కాల్షియం పడిపోకుండా చూసే పారాథైరాయిడ్ హార్మోన్ వాటి నుంచే వస్తుంది. వాటిలో ఒకదానిలో కంతి పెరిగితే హార్మోన్ అదుపు తప్పుతుంది, ఎముకల్లోని కాల్షియం రక్తంలోకి చేరుతుంది. ఎముకలు గుల్లబారతాయి, మూత్రపిండాల్లో రాళ్లు కడతాయి. చిన్నపేగులోకి వెళ్లాకే పనిచేయాల్సిన ట్రిప్సిన్, కాల్షియం మితిమీరినప్పుడు క్లోమంలోనే చురుకై ఆ గ్రంథినే దెబ్బతీస్తుందన్నది పరిశోధకుల వివరణ.

ఈ రెండు జబ్బులకూ సంబంధం ఉందని 1957లోనే బోస్టన్ శస్త్రవైద్యుడు ఆలివర్ కోప్ బృందం రాసింది. ప్యాంక్రియాటైటిస్ కనబడితే పారాథైరాయిడ్‌ను అనుమానించాలని సూచించింది. దీనికి గట్టి అభ్యంతరం 1980లో మేయో క్లినిక్ నుంచి వచ్చింది: 1,153 మంది పారాథైరాయిడ్ రోగుల్లో 17 మందికే ప్యాంక్రియాటైటిస్ ఉంది కాబట్టి అది కాకతాళీయం కావచ్చని. ఆ వాదనను తోసిపుచ్చలేం. అయితే అప్పటికే అమెరికాలో మామూలు రక్తపరీక్షల్లోనే కాల్షియం కూడా చూస్తుండటంతో జబ్బు తొలిదశలోనే బయటపడేది. మన దగ్గర ముదిరాక బయటపడటమే ఎక్కువ. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యులు 2006లో ప్రచురించిన అధ్యయనంలో 87 మంది పారాథైరాయిడ్ రోగుల్లో 6 మందికి ప్యాంక్రియాటైటిస్ ఉంది. అదే ఆస్పత్రిలోని ఇతర రోగులతో పోలిస్తే ముప్పు ఇంచుమించు 28 రెట్లు. మన రోగుల విషయంలో మన గడ్డ మీది లెక్కకే ఎక్కువ విలువ ఇవ్వాలి.

ఇంత అరుదైన కారణం కోసం అందరికీ పరీక్ష ఎందుకని అడగవచ్చు. అరుదైనదే, కానీ శస్త్రచికిత్సతో తొలగించగల కారణం ఇది. కంతి తీసేశాక చాలామందిలో నొప్పి మళ్లీ రాదు. కాల్షియం పరీక్ష మామూలు ల్యాబ్‌లోనూ జరిగేదే. ఖరీదైన హార్మోన్ పరీక్ష, కాల్షియం డెసిలీటరుకు 10.5 మిల్లీగ్రాములు దాటినవారికి చేస్తే చాలు. చేరినప్పుడు చూస్తే నార్మల్‌గానే ఉంది కదా అన్నది మరో మాట. నొప్పి తీవ్రంగా ఉన్నప్పుడు క్లోమం చుట్టూ కరిగిన కొవ్వుతో కాల్షియం కలిసిపోయి రక్తంలో తగ్గుతుంది. దాంతో ఎక్కువగా ఉండాల్సిన అంకె నార్మల్‌గా కనిపించవచ్చు. అల్బుమిన్ తగ్గినా అంతే. రెండో పరీక్ష అడుగుతున్నది ఇందుకే. ఇక తాగేవాడికి వేరే కారణం వెతకడం దేనికంటారా? మద్యం అలవాటు ఉన్నంత మాత్రాన మెడలో కంతి రాకుండా పోదు.

చేరిన రోజే కాల్షియం చూడాలని 2013 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలే చెబుతున్నాయి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ కింద చికిత్స పొందే ప్రతి ప్యాంక్రియాటైటిస్ రోగి డిశ్చార్జి పత్రంలో రెండు కాల్షియం ఫలితాలూ ఉండాలని ప్రభుత్వాలు ఆదేశించాలి. వైద్యులు ఆ ఆదేశం కోసం ఆగనక్కర్లేదు. రోగులారా, డిశ్చార్జి పత్రంలో కాల్షియం అంకె ఉందో లేదో చూడండి. లేకుంటే అడగండి. నొప్పి తగ్గాక మళ్లీ ఎప్పుడు పరీక్ష చేయించుకోవాలో రాయించుకోండి. ఆ ఫలితం వచ్చేదాకా కాల్షియం, విటమిన్ డి మాత్రలు సొంతంగా వేసుకోకండి.