పక్క సిస్టమ్ నుంచి తెచ్చుకున్న ఫైలు

మొన్న మా ఆఫీసులో ఓ కుర్రాడు ప్రొడక్షన్ డేటాబేసులో మూడు వేల పైచిలుకు రికార్డులు లేపేశాడు. కమిట్ కూడా కొట్టేశాడు. చేరి రెండు నెలలు కాలేదు. వెనక్కి వచ్చాయి లెండి. గంటలోపే తెలిసింది కాబట్టి మా డీబీఏ ఫ్లాష్‌బ్యాక్ క్వెరీతో పాత డేటా తీసి మళ్ళీ ఎక్కించాడు. కానీ ఆ తర్వాత మీటింగులో అందరూ కలిసి ఆ కుర్రాణ్ణి వాయించిన తీరు చూశాక ఇది రాయకుండా ఉండలేకపోతున్నాను.

వాడన్నది ఒక్కటే మాట. "అన్నా, నేను టెస్ట్ లోనే ఉన్నానన్నా. కావాలంటే ప్రాంప్ట్ చూడు."

చూశాను. నిజమే. ఎస్‌క్యూఎల్ ప్లస్ ప్రాంప్టు మీద పేరోల్_టెస్ట్ అనే ఉంది.

ఒరాకిల్ తో పని చేసేవాళ్ళకి ఈపాటికి విషయం అర్థమై ఉంటుంది. మిగతావాళ్ళ కోసం చెప్తాను. ప్రతి సిస్టమ్ లోనూ టీఎన్ఎస్‌నేమ్స్.ఓరా అని ఓ చిన్న టెక్స్ట్ ఫైలు ఉంటుంది. ఫలానా పేరు అంటే ఫలానా సర్వరు, ఫలానా పోర్టు (మామూలుగా 1521), ఫలానా సర్వీసు అని అందులో రాసి ఉంటుంది. ఫోన్లో కాంటాక్ట్స్ లాంటిదే. 'అమ్మ' అని సేవ్ చేసిన నంబరు అమ్మదేనా కాదా అన్నది ఫోనుకి అనవసరం. ఒరాకిల్ కీ అంతే. ప్రాంప్టులో కనిపించేది కూడా మనం పెట్టుకున్న ఆ పేరే, అసలు డేటాబేసు పేరు కాదు.

జరిగింది ఏంటంటే, మావాడు చేరిన రోజు పక్క సీటు సీనియర్ దగ్గర్నుంచి ఆ ఫైలు కాపీ చేసుకున్నాడు. అందరం అలాగే చేశాం, నేనూ అంతే. ఆ సీనియర్ పోయినేడాది ఏవో రిపోర్టులు పోల్చి చూడ్డానికి టెస్ట్ పేరుని తాత్కాలికంగా ప్రొడక్షన్ వైపు తిప్పాడట. మళ్ళీ మార్చలేదు. ఆయనకి గుర్తుంది, ఆయన జాగ్రత్తలో ఆయన ఉన్నాడు. ఫైలుతో పాటు ఆ జ్ఞాపకం కాపీ అవ్వదు కదా! మరి పాస్‌వర్డ్ దగ్గరైనా ఆగాలిగా అంటారా? మా టెస్ట్ డేటాబేసు ప్రొడక్షన్ నుంచి క్లోన్ చేసిందే. యూజర్లూ పాస్‌వర్డులూ యథాతథంగా వచ్చేశాయి, ఎవరూ మార్చలేదు. తాళం వేరుగా ఉంటే ఆ రోజు తలుపు దగ్గరే ఆగిపోయేవాడు.

మీటింగు అయ్యాక ఊరికే ఉండలేక మా వరసలో ఉన్న పదకొండు సిస్టములూ తిరిగి చూశాను. ఏ రెండు ఫైళ్ళూ ఒకేలా లేవు. ఒకే డేటాబేసుకి నాలుగు పేర్లు. ఒకాయన అభిమాన హీరో పేరు పెట్టుకున్నాడు :) రెండు సిస్టముల్లో 32 బిట్ క్లయింటూ, 64 బిట్ క్లయింటూ రెండూ ఉన్నాయి. అంటే రెండు హోములు, రెండు ఫైళ్ళు. టోడ్ ఒకటి చదువుతుంది, ఎస్‌క్యూఎల్ ప్లస్ ఇంకోటి చదువుతుంది. ఒకమ్మాయి ఓఆర్ఏ-12154 ఎర్రరుతో పొద్దున్నుంచీ కుస్తీ పడుతోంది. చూస్తే నోట్‌ప్యాడ్ ఆ ఫైలు చివర టీఎక్స్‌టీ తగిలించింది.

ఇది కొత్త రోగమేం కాదు. ఆర్పానెట్ రోజుల్లో నెట్‌వర్కులో ఉన్న కంప్యూటర్ల పేర్లన్నీ హోస్ట్స్.టీఎక్స్‌టీ అనే ఒకే ఫైల్లో ఉండేవి. అందరూ దాన్ని దింపుకుని తమ దగ్గర పెట్టుకునేవాళ్ళు. కంప్యూటర్లు పెరిగేసరికి అది కుదరక 1983లో పాల్ మోకపెట్రిస్ డీఎన్ఎస్ తెచ్చాడు. మనం ఇంకా పక్క సీటు నుంచే తెచ్చుకుంటున్నాం. పోనీ క్లౌడ్ కి వెళ్తే వదుల్తుందా అంటే, ఒరాకిల్ అటానమస్ డేటాబేసు వాలెట్ జిప్ విప్పితే లోపల మళ్ళీ ఈ ఫైలే!

పరిష్కారం కష్టమైంది కాదు. టీఎన్ఎస్_అడ్మిన్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఒకటుంది. దాన్ని ఓ ఫోల్డరు వైపు తిప్పితే ఎన్ని హోములున్నా ఫైలు అక్కడి నుంచే చదువుతాయి. చాలామంది ఆ ఫోల్డరుని నెట్‌వర్క్ డ్రైవులో పెడతారు. నాకది నచ్చదు. ఆ డ్రైవు పడుకుంటే ఆఫీసంతా పడుకుంటుంది, ఇంటి నుంచి వీపీఎన్ లో చేసేవాళ్ళ గోల వేరే. అసలు ఫైలు వర్షన్ కంట్రోల్లో ఉండాలి, లాగిన్ అయినప్పుడల్లా స్క్రిప్టు దాన్ని లోకల్ ఫోల్డరులోకి దింపాలి. ఎవరైనా 'తాత్కాలికంగా' తిప్పినా మర్నాడు పొద్దునకి మామూలైపోతుంది. పదకొండు సిస్టములకి ఎల్‌డాప్ డైరెక్టరీ దాకా వెళ్ళడం మాత్రం అనవసరం.

పేర్ల సంగతికొస్తే, ప్రొడక్షన్ అన్న ముక్క ముందే ఉండాలి, చివర కాదు. లిస్టులో పేరోల్_పీ, పేరోల్_టీ పక్కపక్కన ఉంటే రాత్రి పదకొండింటికి ఏ కళ్ళకి తేడా తెలుస్తుంది?

ఇవన్నీ మెయిల్లో రాసి మేనేజరు గారికి పంపాను. బాగుంది, వచ్చే క్వార్టర్లో చూద్దాం అన్నారు. ఆ కుర్రాడి డిలీట్ అధికారాలు మాత్రం ఆ సాయంత్రమే తీసేశారు. ఆ సీనియర్ సిస్టమ్ లో పేరోల్_టెస్ట్ నిన్నటిదాకా ప్రొడక్షన్ వైపే ఉంది. నేనే వెళ్ళి టీఎన్ఎస్‌పింగ్ కొట్టి చూపిస్తే, "అరె, నిజమే బాసూ" అని మార్చాడు.