అప్పగింతల వేళ

తెలుగువారి పెళ్ళిళ్ళలో అప్పగింతల ఘట్టం వచ్చేసరికి పందిట్లో సందడి సద్దుమణుగుతుంది. వధువు చేతులను పాలలో ముంచి అత్తమామల చేతులలో ఉంచుతారు. ఆ వేళ తల్లిదండ్రులు కన్నీరు పెట్టుకుని ఊరుకోరు. అమ్మాయి స్వభావమేమిటో, ఆమెకు ఏది సరిపడదో, ఏ మాటకు నొచ్చుకుంటుందో నాలుగు మాటలు చెప్పి మరీ అప్పగిస్తారు. బాధ్యతను అందించేటప్పుడు దానికి సంబంధించిన ఎరుకను కూడా అందించాలని మన పెద్దలకు ఎవరూ నేర్పనక్కర లేకపోయింది.

మన కర్మాగారాలలో ఈ ఘట్టం రోజుకు మూడుసార్లు జరుగుతున్నది. ఎ షిఫ్టు దిగి బి షిఫ్టు ఎక్కే వేళ, బి దిగి సి ఎక్కే వేళ, మళ్ళీ తెల్లవారుజామున. నాయకత్వం అనగానే మనకు వేదికలు, ఉపన్యాసాలు, పెద్ద కుర్చీలు గుర్తుకు వస్తాయి. అయితే ఒక ఉద్యోగిలో నాయకత్వ లక్షణం ఉన్నదో లేదో తెలుసుకోవడానికి డ్యూటీ దిగే ముందు చివరి పదిహేను నిమిషాలు అతడు ఏం చేస్తున్నాడో చూస్తే చాలునని మా అభిప్రాయం. ఆ పదిహేను నిమిషాల విలువ ఎంతటిదో ప్రపంచానికి తెలియజెప్పిన దుర్ఘటన ఒకటి ఉన్నది.

స్కాట్లండులోని అబర్డీన్ నగరానికి ఈశాన్యంగా సుమారు 190 కిలోమీటర్ల దూరాన, ఉత్తర సముద్రంలో పైపర్ ఆల్ఫా అనే చమురు వేదిక ఉండేది. కండెన్సేట్ అనే ద్రవ ఇంధనాన్ని పైపులైనులోకి పంపడానికి అక్కడ ఎ, బి అని రెండు పంపులు ఉండేవి. 1988 జూలై 6న ఎ పంపును మరమ్మతుల కోసం ఆపారు. అదే పంపునకు సంబంధించిన సేఫ్టీ వాల్వును కూడా పరీక్ష నిమిత్తం విప్పి తీసుకువెళ్ళారు. ఈ రెండు పనులకు రెండు వేరువేరు పర్మిట్లు ఉన్నాయి. సాయంకాలం ఆరు గంటలకు వాల్వు పని పూర్తి కాలేదు. వాల్వు ఉండవలసిన చోట ఒక మూత ఫ్లాంజి మాత్రం అమర్చి, పనిని మరునాటికి వాయిదా వేశారు.

రాత్రి షిఫ్టు వచ్చింది. ఎ పంపు మరమ్మతులో ఉన్నదని వారికి తెలుసు. వాల్వు విప్పి ఉన్నదన్న సంగతి మాత్రం వారికి అందలేదు. రాత్రి 9-45 ప్రాంతంలో బి పంపు ఆగిపోయింది. ఎంత ప్రయత్నించినా అది తిరిగి నడవలేదు. ఎ పంపు మరమ్మతు ఇంకా మొదలే కాలేదు గనుక దానిని వాడుకోవచ్చుననుకున్నారు. ఆ ఆలోచనలో, వారికి తెలిసినంత మేరకు, లోపం లేదు. పంపును తిరిగి పనిలోకి తీసుకున్నారు. సరిగా బిగుసుకోని ఆ మూత నుంచి ఇంధనం ఎగజిమ్మింది. పది గంటల వేళ మొదటి పేలుడు సంభవించింది. ఆ రాత్రి వేదికపై ఉన్న 226 మందిలో 165 మంది, వారిని కాపాడబోయిన మరో ఇద్దరు, మొత్తం 167 మంది ప్రాణాలు కోల్పోయారు.

లార్డ్ కలెన్ అధ్యక్షతన జరిగిన విచారణ నివేదిక 1990లో వెలువడింది. షిఫ్టు మారే వేళ సమాచారం అందకపోవడం, పర్మిట్ పద్ధతి సక్రమంగా అమలు కాకపోవడం ఆ నివేదిక ఎత్తిచూపిన ముఖ్య కారణాలలో ఉన్నాయి. అందులోని 106 సిఫారసులూ ఆమోదం పొందాయి. గమనించవలసినదేమంటే, ఆనాడు అక్కడ పర్మిట్ పద్ధతి లేకపోలేదు. ఫారాలు ఉన్నాయి, సంతకాలు ఉన్నాయి. ఇల్లు అలకగానే పండుగ కాదన్నట్లు, ఫారం నింపగానే భద్రత సమకూరదు. కాగితం మీది మాట అవతలి మనిషి మనసుకు చేరినప్పుడే అప్పగింత పూర్తి అయినట్లు.

ఆ రాత్రి మరో సంగతి కూడా జరిగింది. పైపర్ ఆల్ఫాతో పైపులైన్ల ద్వారా కలిసి ఉన్న పొరుగు వేదికలు, అక్కడ మంటలు చెలరేగుతున్నాయని తెలిసిన తరువాత కూడా కొంతసేపు ఉత్పత్తిని కొనసాగించాయి. ఆ జాప్యాన్ని నివేదిక తప్పుపట్టింది. ఉత్పత్తి ఆపితే ఎవరు ఏమంటారోనన్న సంకోచం ఎంతటి అనుభవజ్ఞుని చేతినైనా వెనక్కు లాగుతుంది. ప్రమాదం కనిపించినప్పుడు ఆపే ధైర్యం ఆ క్షణాన పుట్టదు. ‘అనుమానం వస్తే ఆపు, తరువాత నేను చూసుకుంటాను’ అని పై అధికారి ముందుగానే పదిమంది ఎదుట చెప్పి ఉండాలి, ఒకసారి ఎవరైనా అలా ఆపినప్పుడు ఆ మాట నిలబెట్టుకుని ఉండాలి.

మరి మనం అలవరచుకోవలసినవి ఏమిటి? మొదటిది, లాగ్‌బుక్కులో పూర్తయిన పనులకన్నా పూర్తికాని పనులను ముందు వ్రాయడం. ‘అంతా నార్మల్’ అనే రెండు మాటలు చదివేవానికి ఏమీ చెప్పవు. ఏది విప్పి ఉన్నది, ఏది బైపాస్‌లో ఉన్నది, ఎవరి పేర లైన్ క్లియర్ ఉన్నది అన్నవే అతనికి కావాలి. రెండవది, ముఖాముఖిగా, వీలైతే యంత్రం దగ్గరనే నిలబడి చెప్పడం. గేటు దగ్గర ఎదురుపడి చేయి ఊపి వెళ్ళిపోవడం అప్పగింత అనిపించుకోదు. మూడవది, విన్నవారు విన్నదానిని తిరిగి చెప్పడం. ‘అయితే రెండో పంపు స్విచ్చి ముట్టుకోకూడదు, అంతే కదండీ?’ అని క్రిందివాడు అడిగితే అది తెలియనితనం కాదు, జాగ్రత్త. ఆ ప్రశ్నకు విసుగుకొనకుండా జవాబు చెప్పడం పైవాని వంతు. ఒక్కసారి కసిరితే ఆ మనిషి మరి జన్మలో అడగడు. అడగని మనిషి ఉన్న చోట ప్రమాదం నిశ్శబ్దంగా కూర్చుని ఉంటుంది.

ఈ అలవాట్ల వల్ల సంస్థకెంత లాభమో, మనకూ అంతే లాభం. ఎనిమిది గంటలలో జరిగినదానిని ఎనిమిది వాక్యాలలో వ్రాయగలవాడు తన పనిని తానే దూరం నుంచి చూడడం నేర్చుకుంటాడు. ముఖ్యమేదో, అముఖ్యమేదో అతనికి విడివిడిగా కనిపిస్తుంది. మేము గమనించినంతవరకు, పదోన్నతి పొందిన పిమ్మట తడబడకుండా నిలిచినవారిలో చాలామంది, ఆపరేటర్లుగా ఉన్న రోజులలోనే లాగ్‌బుక్కును శ్రద్ధగా వ్రాసినవారే.

షిఫ్టుతో ముగియని అప్పగింత కూడా ఒకటి ఉన్నది. ముప్ఫయి ఏళ్ళు ఒకే యంత్రంతో గడిపినవారు దాని శబ్దంలోని తేడాను బట్టి దాని ఆరోగ్యం చెప్పగలరు. ఆ విద్య ఏ మాన్యువల్‌లోనూ దొరకదు. పదవీ విరమణ రోజున శాలువాతో, పూలదండతో ఇంటికి వెళ్ళిపోయే ముందు, ఆ ఎరుకను ప్రక్కనున్న కుర్రవానికి ఇచ్చి వెళ్ళామా అని మనలో ప్రతి ఒక్కరం ప్రశ్నించుకోవాలి. చివరి రోజున అది సాధ్యం కాదు. ఈనాటి షిఫ్టులోనే కొంత, రేపటి షిఫ్టులో కొంత ఇస్తూ పోవలసినదే.

ఇంటివారికి కూడా ఒక మనవి. షిఫ్టు దిగే వేళకు కాలనీ బస్సు వెళ్ళిపోతుందేమోనన్న ఆత్రుత, ఇంట్లో ఎదురుచూస్తుంటారన్న తొందర మనిషిని గేటు వైపు లాగుతుంటాయి. మీవారు పదిహేను నిమిషాలు ఆలస్యంగా వస్తే, ఎవరో ఒక ఇంటి మనిషిని క్షేమంగా పనిలో నిలబెట్టి వస్తున్నారని భావించండి. రేపు మీవారు డ్యూటీ ఎక్కే వేళ, మరొకరు అదే విధంగా ఆగి, అంతా వివరంగా చెప్పి వెళతారు.