మేయర్‌కొక ఓటు, వార్డుకొక ఓటు

మేయర్‌ను ప్రజలే నేరుగా ఎన్నుకోవటం మన నగరాలకు తెలియని సంగతి కాదు. 2000లో విజయవాడ ఓటర్లు 26 ఏళ్ల పంచుమర్తి అనూరాధను అలాగే గెలిపించారు. 2002లో హైదరాబాద్ మేయర్‌నూ ఓటర్లే ఎన్నుకున్నారు. 2005 తర్వాత ఆ ఓటు పోయింది. కార్పొరేటర్లు, వాళ్లతో పాటు హోదా రీత్యా సభ్యులైన ఎమ్మెల్యేలు, ఎంపీలు కలిసి కౌన్సిల్ హాల్లో మేయర్‌ను ఎన్నుకునే పద్ధతి వచ్చింది. ఓటు తీసేస్తున్నప్పుడు ఓటరును అడిగినవాళ్లు లేరు.

అడగనక్కర్లేదు కూడా. 74వ రాజ్యాంగ సవరణ మేయర్‌ను ఎలా ఎన్నుకోవాలనేది రాష్ట్రాల చట్టసభలకే వదిలేసింది. అందుకని అధికారంలో ఉన్నవాళ్లు తమ లెక్కలు చూసుకుని ఒకసారి ఇస్తారు, ఒకసారి తీసేస్తారు. మధ్యప్రదేశ్‌లో 2019లో తీసేసి 2022లో మళ్లీ ఇచ్చారు. ఛత్తీస్‌గఢ్‌లో 2019లో పోయిన ఓటు 2025లో తిరిగి వచ్చింది. తమిళనాడులో 2011లో ఉన్నది 2022లో లేదు.

ఈ ఓటు ఉంటే ఏమిటి, లేకపోతే ఏమిటి అని మన కార్యకర్తలే కొందరు అడుగుతుంటారు. 2020 డిసెంబరులో హైదరాబాద్‌లో 150 డివిజన్లకు పోలింగ్ జరిగింది. మేయర్ పదవి మహిళకు రిజర్వయింది. ఏ పార్టీకీ సగం స్థానాలు రాలేదు. 2021 ఫిబ్రవరిలో 56 స్థానాల పార్టీ అభ్యర్థిని, 44 స్థానాలున్న మరో పార్టీ మద్దతుతో మేయర్ అయ్యారు. ఆమె అర్హతను నేను ప్రశ్నించటం లేదు. ఓటేసిన రోజున బస్తీలో ఆడవాళ్లకు తమ మేయర్ కాబోయేది ఎవరో తెలియదు. నీళ్లు, డ్రైనేజీ గురించి ఆమెను ముందుగా నిలబెట్టి అడిగే అవకాశం వాళ్లకు దొరకలేదు.

నేరుగా ఓటుంటే పార్టీ గడప తొక్కని మనిషి కూడా గెలవగలదు. మధ్యప్రదేశ్‌లోని కట్నీలో మహిళలకు కేటాయించిన మేయర్ పదవికి 2000లో కమలా జాన్ అనే హిజ్రా ఎన్నికయ్యారు. ఆమె స్త్రీ కాదంటూ కోర్టు ఆ ఎన్నిక రద్దు చేసింది, 2003లో హైకోర్టూ అదే మాట చెప్పింది. రిజర్వేషన్‌ను ఎవరి నుంచి కాపాడినట్టు? ఆ తీర్పు మీద మహిళా సంఘాలు ఇంకా మాట్లాడుకోవలసిందే ఉంది. 2014లో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్ల హక్కులను గుర్తించాక, 2015 జనవరిలో ఛత్తీస్‌గఢ్‌లోని రాయ్‌గఢ్‌లో మధుబాయి కిన్నర్ స్వతంత్ర అభ్యర్థిగా మేయర్ అయ్యారు. కౌన్సిల్ హాల్లో పార్టీల లెక్కలతో జరిగే ఎన్నికలో వీళ్ల పేరు పలికేవాళ్లు ఎవరు?

ఇక ఓటేయటం సంగతి. ప్రత్యక్ష ఎన్నికలో మనకు రెండు ఓట్లుంటాయి. ఒకటి మేయర్‌కు, ఒకటి వార్డు సభ్యురాలికి. ఒకటి వేసి బయటికి వచ్చేస్తే రెండోది వృథా. రెండూ ఒకే గుర్తుకు వేయాలన్న నియమం ఏదీ లేదు. అలాగని వేర్వేరుగా వేయటం దానంతటదే గొప్ప కాదు. 2022లో మధ్యప్రదేశ్‌లోని సింగ్రౌలీ ఓటర్లు ఆమ్ ఆద్మీ పార్టీకి చెందిన రాణీ అగ్రవాల్‌ను మేయర్‌గా ఎన్నుకున్నారు. 45 వార్డుల్లో ఆమె పార్టీకి దక్కినవి ఐదే. మేయర్ కుర్చీ ఒకరిది, కౌన్సిల్ మెజారిటీ మరొకరిది. బడ్జెట్‌కూ తీర్మానాలకూ కౌన్సిల్ ఆమోదం కావాలి. నచ్చిన మనిషిని మేయర్‌ను చేసి, వార్డు ఓటు మాత్రం కులం చూసో, ఇంట్లో మగవాళ్లు చెప్పారనో వేస్తే, గెలిపించిన మనిషిని మనమే ఒంటరిని చేసినట్టవుతుంది. మన ఓటరు శిక్షణల్లో మేయర్ అభ్యర్థుల గురించి గంటలు గడుస్తాయి, వార్డు ఓటు దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నం భోజనాల వేళవుతుంది. ఈ వరస మారాలి.

మధ్యప్రదేశ్ చట్టంలో మరో సంగతి కూడా ఉంది. నేరుగా ఎన్నికైన అధ్యక్షులను మధ్యలో దించే ఓటు. ఓటరు ముందు రెండే గుర్తులుంటాయి: నిండు కుర్చీ, ఖాళీ కుర్చీ. ఖాళీ కుర్చీకి ఎక్కువ ఓట్లు వస్తే పదవి పోతుంది. ఈ పద్ధతిలో మొదట, 2001లో, పదవి పోగొట్టుకున్నది అనూప్‌పూర్ అధ్యక్షురాలైన ఒక మహిళ. ఆ ప్రక్రియను మొదలుపెట్టే అధికారం ప్రజలకు లేదు. నాలుగింట మూడొంతుల మంది సభ్యులు సంతకాలు చేస్తే తప్ప ఖాళీ కుర్చీ ఓటరు దాకా రాదు. మేయర్ ఉండాలా పోవాలా అన్నదానికి మొదటి అడుగు కూడా వార్డు ఓటులోనే ఉందన్నమాట.

అభ్యర్థి ఇంటింటికీ తిరిగేటప్పుడు పక్కన భర్త, వెనక మరిది మాట్లాడుతుంటే, ఆమెనే మాట్లాడమని అడగండి. హైదరాబాద్ మునిసిపల్ కార్పొరేషన్ చట్టం, 1955 ప్రకారం కార్యనిర్వాహక అధికారం కమిషనర్‌ది. మధ్యప్రదేశ్‌లో మేయర్‌కు తన మేయర్-ఇన్-కౌన్సిల్ ఉంటుంది. ఏ సంతకం తన చేతిలో ఉంటుందో, ఏది ఉండదో అభ్యర్థినికి తెలుసా? ఫైలు మీద సంతకం చేసేముందు ఎవరిని అడుగుతుంది? పారిశుధ్య కార్మికురాలి జీతం ఆగితే ఎవరి గది తలుపు తడుతుంది? వార్డుకు పోటీ చేసేవాళ్లనూ ఇవే అడగాలి. కరపత్రం వేసే సంఘాలు రెండు ఓట్లకూ సమానంగా చోటివ్వాలి, మేయర్ బొమ్మ ఎంత పెద్దదిగా అచ్చయినా సరే.