బొమ్మలో ఉన్నావిడ ఎవరు?

ఊళ్ళో మా అత్తవారి పాత ఇల్లు అమ్మకానికి పెట్టాం. గోడల మీది ఫోటోలన్నీ దించి వసారాలో పేరుస్తుంటే మా మరిది అన్నాడు, "వదినా, ఈ ఫ్రేములు మీ కృష్ణానగర్‌కి పట్టుకెళ్ళండి. సినిమా సెట్లకి సామాన్లు అద్దెకిచ్చేవాళ్ళు కొంటారు."

నవ్వులాటకే అన్నాడు కానీ, కాదనలేకపోయాను. మా వీధుల్లో పోలీసు డ్రస్సు నుంచి దేవుడి కిరీటం దాకా అన్నీ అద్దెకి దొరుకుతాయి. సీరియల్లో జమీందారు గారింటి గోడ మీద వేలాడే పాత ఫోటో ఎవరింటి తాతగారిదో ఎవరికి తెలుసు?

ఆ ఫోటోల్లో ఒకటి మా వారి తాతగారిది. ఆయన కుర్చీలో కూర్చున్నారు. పక్కన తెల్లచీర కట్టుకుని, తల నిండా కొంగు కప్పుకుని ఒకావిడ నిలబడి ఉంది. ఎవరని అడిగితే, "పనిమనిషి అయ్యుంటుందిలే" అన్నారొకరు.

ఆ మాట వినగానే నాకు థామస్ హికీ వేసిన బొమ్మ గుర్తొచ్చింది. హికీ ఐరిష్ చిత్రకారుడు. 1741లో డబ్లిన్‌లో పుట్టి, 1824లో మన మద్రాసులో పోయాడు. బి.ఏ. తెలుగు చదివినవాళ్ళకి మెకంజీ కైఫీయతులు తెలిసే ఉంటాయి. స్కాట్లండ్ నుంచి వచ్చిన ఆ కాలిన్ మెకంజీని తన దగ్గర పనిచేసే మన దేశస్థులతో కలిపి 1816లో తైలవర్ణంలో చిత్రించింది ఈయనే. ఆ బొమ్మలో ఉన్నవాళ్ళలో మన కావలి లక్ష్మయ్య గారు ఒకరని చెబుతారు. పెద్ద దొర పక్కన నిలబడ్డారు కాబట్టి పేర్లు వెతికేవాళ్ళు ఉన్నారు.

నాకు గుర్తొచ్చింది మాత్రం ఇంకో బొమ్మ. 1805 ప్రాంతంలో హికీ మైసూరులో వేసింది. నిండా నగలు పెట్టుకున్న ముగ్గురు ఆడవాళ్ళు. ఎన్నో ఏళ్ళు అది నాట్యగత్తెల బొమ్మ అనో, వేశ్యల బొమ్మ అనో చలామణీ అయింది. 2007లో సోదబీస్ వాళ్ళ వేలానికి వచ్చిన బొమ్మ అదే. వాళ్ళు వేశ్యలు కారు, మైసూరు రాణులు అని చెప్పింది నైజెల్ ఛాన్సలర్ అనే చరిత్రకారుడు. ఆయన లెక్క ప్రకారం కుడివైపు ఉన్నావిడ మూడో కృష్ణరాజ ఒడయారు చిన్న రాణి దేవాజమ్మణి. చీర చెంగు కాస్త తొలగించి, మశూచి టీకా వేయించుకున్న చోటు చూపిస్తోంది. ఎడమవైపు పెద్ద రాణి, ఆవిడ పేరూ దేవాజమ్మణే. మధ్యలో ఉన్నది రాజుకి నాయనమ్మ వరస లక్ష్మమ్మణ్ణి కావచ్చునంటారు. ఆవిడ భర్త పోయింది ఆ మశూచితోనేనట.

ఎంత పెద్ద కథో చూడండి. కొత్తగా వచ్చిన టీకా అంటే జనం హడలిపోయే రోజుల్లో, పరదా చాటున ఉండే అంతఃపురం స్త్రీలు, "మేం వేయించుకున్నాం, మీరూ రండి" అన్నట్టు ఒక పరాయి మగవాడి ముందు బొమ్మకి నిలబడ్డారు. మా అమ్మ చేతి మీద ఇప్పటికీ రూపాయి కాసంత మశూచి టీకా మచ్చ ఉంది. ఆ మచ్చ వెనక ఇంత సంగతి ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

వేలంపాటల్లో స్కాటిష్, ఐరిష్ చిత్రకారుల తైలవర్ణాలకి మంచి గిరాకీ అట. జాబితాలో ముందు చిత్రకారుడి పేరు, పుట్టిన ఏడు, పోయిన ఏడు, ఆ తరవాత బొమ్మ కొలతలు. గీసినవాడి పేరు ఉండాల్సిందే, కష్టం ఆయనది. దాని మీద నాకు తగువు లేదు. నా బాధల్లా, బొమ్మలోని మనిషి పేరు పోయాక ఆ చోటు ఎవరూ ఖాళీగా వదలరు. తమకి తోచిందేదో రాసేస్తారు. నగలు పెట్టుకుంటే నాట్యగత్తె. నగలు లేకపోతే పనిమనిషి. ఆడవాళ్ళ విషయంలో ఆ తోచేది ఎప్పుడూ ఒక మెట్టు కిందే ఉంటుందెందుకో!

ఫోటో సంగతి మా వారి మేనత్తకి ఫోన్ చేసి అడిగాను. ఎనభై దాటిన మనిషి. వెంటనే అందుకున్నారు. "పనిమనిషేంటమ్మాయ్, ఆవిడ మా నాన్న అక్కయ్య. పన్నెండో ఏట భర్త పోతే పుట్టింటికొచ్చేసింది. మా అమ్మ పురిళ్ళన్నీ పోసింది ఆవిడే. మమ్మల్ని అందరినీ ఎత్తుకు పెంచింది."

"పేరేంటి అత్తయ్యా?"

అవతల చాలాసేపు మాట లేదు. "అక్కయ్య అనేవాళ్ళమే అందరం. మా అమ్మా అలాగే పిలిచేది. పేరు... గుర్తు రావడం లేదే తల్లీ."

ఫ్రేము విప్పి, అట్ట వెనక పెన్సిలుతో "తాతగారి అక్కయ్య. పేరు:" అని రాసి, పక్కన చోటు వదిలాను. తెనాలిలో ఆవిడ చేతిలో పెరిగిన చుట్టం ఇంకొకాయన ఉన్నారట, తొంభై దగ్గర పడ్డాయి. ఆదివారం వెళ్తున్నాం. మా మరిదిని కారు తియ్యమన్నాను.