కామెర్లు తగ్గినా క్రిమి పోదు
కేన్సర్ వైద్యానికి ముందు రక్తపరీక్ష తప్పనిసరి

మెడ పక్కన, చంకలో, గజ్జల్లో బిళ్ల కట్టి, నొప్పి లేకుండానే పెరిగే గడ్డలు కొందరిలో లింఫోమా అనే కేన్సర్‌గా తేలుతాయి. మందులకు బాగా లొంగే కేన్సర్లలో ఇదొకటి. అయితే జబ్బు లొంగుతున్న వేళ కాలేయం చెడి, రోగి ప్రాణానికే ముప్పు వచ్చే సందర్భాలున్నాయి. అందుకు కారణం ఎప్పుడో ఒంట్లో చేరి దాగి ఉన్న హెపటైటిస్-బి క్రిమి.

సరిగా శుభ్రం చేయని సూదులు, పరీక్షించని రక్తం, లైంగిక సంబంధాల వల్ల, కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకు ఇది సోకుతుంది. కలిసి భోంచేస్తే అంటదు. సోకిన వారిలో చాలామందికి ఆ సంగతే తెలియదు. 2022లో మన దేశంలో సుమారు 2 కోట్ల 98 లక్షల మందిలో ఈ క్రిమి ఉన్నట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

కామెర్లు తగ్గి, రక్తంలో క్రిమి కనబడకపోయినా, దాని విత్తనం కాలేయ కణాల్లో మిగిలే ఉంటుంది. శరీరంలోని రక్షణశక్తి దానిని మొలకెత్తకుండా అణచి ఉంచుతుంది. లింఫోమాకు ఇచ్చే మందులు, ముఖ్యంగా రిటుక్సిమాబ్ ఇంజక్షన్, దానితోపాటు వాడే స్టెరాయిడ్ మాత్రలు ఆ రక్షణశక్తినే తగ్గిస్తాయి. కావలి లేని చేలో పశువులు పడినట్టు క్రిమి విజృంభిస్తుంది. వైద్యం ముగిశాక తిరిగి పుంజుకున్న రక్షణశక్తి, క్రిమి పట్టిన కాలేయ కణాలపై విరుచుకుపడుతుంది. కోర్సు అయిపోయిన నెలల తర్వాత కూడా కామెర్లు రావడానికి కారణమిదే. మధ్యలోనే వస్తే కేన్సర్ మందు ఆపవలసి వస్తుంది. అప్పుడు రోగికి రెండు వైపులా నష్టమే.

ఈ ప్రమాదం గురించి రిటుక్సిమాబ్ మందుపై గట్టి హెచ్చరిక ముద్రించాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2013లో ఆదేశించింది. మందు మొదలుపెట్టకముందే రెండు రక్తపరీక్షలు చేయాలి. క్రిమి ఇప్పుడు ఉన్నదా అని చెప్పేది హెచ్‌బీఎస్‌ఏజీ. గతంలో సోకిందా అని చెప్పేది యాంటీ-హెచ్‌బీసీ. మొదటిది ఒక్కటే చేసి, ‘లేదు’ అని రాగానే ఊరుకోరాదు. రెండవది మాత్రమే ‘ఉంది’ అని వచ్చిన వారిలో సైతం, రిటుక్సిమాబ్ వాడినప్పుడు పదిమందిలో ఒకరికి మించి ఈ క్రిమి తిరగబెట్టే అవకాశం ఉందని వైద్య నిపుణుల అంచనా.

నివారణ కష్టం కాదు. ఎంటెకావిర్ లేదా టెనోఫోవిర్ మాత్ర రోజుకొకటి, కేన్సర్ మందుకు ముందుగా గాని, దానితోపాటుగా గాని మొదలుపెడతారు. అసలు చిక్కు తర్వాత వస్తున్నది. కేన్సర్ మందు అయిపోయిన తర్వాత కూడా ఈ మాత్రను కనీసం ఏడాది, రిటుక్సిమాబ్ వాడిన వారు ఏడాదిన్నర కొనసాగించాలి. గడ్డలు కరిగాయి, ఒళ్లు బాగుంది, ఇక మాత్ర ఎందుకని సొంతంగా మానేస్తే క్రిమి మళ్లీ లేస్తుంది. మాత్ర ఆపిన తర్వాత కూడా కొంతకాలం రక్తపరీక్షలు చేయించుకోవాలి.

కళ్లు పచ్చబడగానే పసరు మందుకు వెళ్లే అలవాటు పల్లెల్లో ఇంకా ఉంది. కలుషిత నీటి వల్ల వచ్చే కామెర్లు చాలావరకు వాటంతట అవే తగ్గుతాయి. ఆ పేరు పసరుకు దక్కుతున్నది. కేన్సర్ మందు వాడినవారికి వచ్చే కామెర్లు అటువంటివి కావు. వారు ఒక్కరోజు కూడా ఆలస్యం చేయక, కేన్సర్ వైద్యం చేసిన ఆసుపత్రికే వెళ్లాలి.

హెపటైటిస్-బి టీకా పిల్లల టీకాల్లో దేశమంతటా చేరింది 2011లో. అందువల్ల నేటి పెద్దల్లో అత్యధికులు ఆ టీకా వేయించుకోనివారే. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ జబ్బుకు పరీక్ష, చికిత్స ఉచితం. గతంలో కామెర్లు వచ్చినా, రక్తం ఎక్కించుకున్నా ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. మొదటి సెలైన్ పెట్టకముందే ‘కామెర్ల పరీక్షలు రెండూ చేశారా’ అని రోగి బంధువులు అడగడం తప్పు కాదు, అవసరం.