మొటిమను గిల్లేది ఎవరు?

ఈ మాఘమాసంలో మా పెద్దాడపడుచు గారబ్బాయి పెళ్ళికి వెళ్ళాం. ముహూర్తం రాత్రి పదకొండింటికి. ఏడు గంటలకల్లా పట్టుచీరలు, పూలదండలు, ఫొటోల హడావుడి మొదలైపోయింది. మా అమ్మాయి మాత్రం విడిది గదిలో బాత్‌రూము తలుపు వేసుకుని ఎంతకీ బయటికి రాదు. అప్పటికి అది ఇంటర్ మొదటి సంవత్సరం. "ఏం చేస్తున్నావే లోపల?" అని మూడుసార్లు తలుపు తట్టాక వచ్చింది. గడ్డం మీదా, కుడి బుగ్గ మీదా ఎర్రగా కమిలిపోయింది. ఒక చోట సన్నగా రక్తం కూడా. ముచ్చటపడి కుట్టించుకున్న పట్టు లంగావోణీ ఒంటి మీద, ఏడుపు మొహంలో.

"ఎన్నిసార్లు చెప్పాను నీకు, గిల్లుకోవద్దని!" అన్నాను. తల్లులందరం అనే మాటే కదా, అనేశాను.

తర్వాత పెళ్ళిపందిట్లో కూర్చున్నంతసేపూ నేనో పని చేశాను. కథలు రాసేవాళ్ళకి ఓ పాడలవాటు ఉంటుంది, ఎవరేమన్నారో మనసులో రాసిపెట్టుకోవడం. మా పెద్దత్తగారు, "అయ్యో, బంగారంలాంటి మొహం ఇలా చేసుకున్నావేంటే? లవంగం అరగదీసి పెట్టు, రెండ్రోజుల్లో పోతాయి" అన్నారు. మా తోటికోడలు, "పిల్లచేత పల్లీలు మాన్పించక్కా, ఒంట్లో వేడి" అంది. వరసకి పిన్నిగారయ్యే ఒకావిడ టూత్‌పేస్టు రాసి పడుకుంటే తెల్లారేసరికి ఎండిపోతుందని చెప్పింది. ఇంకొకావిడ "ఎవరిమీదైనా మనసుపడిందేమో అడుగు" అని నవ్వింది. ఆఖరికి ఫొటోలు తీసే కుర్రాడు కూడా, "ఫర్వాలేదు మేడమ్, కంప్యూటర్లో తీసేస్తాం" అని ధైర్యం చెప్పాడు. మొత్తం తొమ్మిదిమంది. అందరూ మంచివాళ్ళే, పిల్లంటే ప్రేమ ఉన్నవాళ్ళే. వచ్చే నెల్లో దానికి పరీక్షలు. ఎలా చదువుతున్నావని ఒక్కరూ అడగలేదు.

పక్కనే మా బావగారబ్బాయి కూర్చున్నాడు. దీనికంటే ఏడాది పెద్ద. వాడి మొహాన మొటిమ లేని చోటు వెతకాలి. వాణ్ణెవరూ ఏమీ అనలేదు. "ఏరా, అప్పుడే మీసాలొచ్చేస్తున్నాయే!" అని వాళ్ళ బాబాయి భుజం తట్టి వెళ్ళాడు.

అప్పుడనిపించింది నాకు. పందిట్లోకి వస్తే ఈ మాటలన్నీ పడాలని పిల్లకి ముందే తెలుసు. అవి తప్పించుకోవడానికే అది అద్దం ముందు అంతసేపు అవస్థపడింది. గిల్లొద్దు గిల్లొద్దని దాని చేతులు పట్టుకుంటున్నాం సరే, ఆ చేతుల్ని మొహం మీదికి తోస్తున్నది ఎవరు?

నా ఎడమ బుగ్గ మీద కందిగింజంత గుంట ఒకటుంది. అది పుట్టింది 2007లో, నా పెళ్ళిచూపుల ముందురోజు. మా పిన్ని నన్ను వసారాలో వెలుతురు పడేచోట కూర్చోబెట్టి, నలుపు తేలిన ఓ పెద్ద మొటిమని హెయిర్‌పిన్నుతో పొడిచి, గుడ్డ పెట్టి రెండు వేళ్ళతో నొక్కింది. "తెల్లారేసరికి చదునైపోతుంది చూడు" అంది. తెల్లారేసరికి రేగుపండంత అయింది. దానిమీద పౌడరు దట్టించి కూర్చోబెట్టారు. సంబంధం కుదిరింది లెండి. కొన్నేళ్ళ తర్వాత మా వారిని అడిగితే, "మొటిమా? చూసిన గుర్తే లేదు. మీ ఇంట్లో పెట్టిన కాజాలు మాత్రం బాగున్నాయి" అన్నారు. ఎవరి కోసం నొక్కారో ఆయన చూడనే లేదు. గుంట మాత్రం నాతోనే ఉండిపోయింది.

ఇంత అనుభవం ఉన్నదాన్ని, కూతురి విషయంలో ఏం చేశానో తెలుసా? చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. పెళ్ళి నుంచి తిరిగొచ్చిన మర్నాడే వీధి చివర మందుల షాపుకి వెళ్ళి, "మొటిమలకి మంచి క్రీమేదైనా ఇవ్వండి" అని అడిగాను. అతను ఓ ట్యూబు ఇచ్చాడు. డాక్టరు చీటీ అతను అడగలేదు, అవసరమేమో అని నేనూ అడగలేదు. నాలుగు రోజుల్లో ఎరుపు తగ్గింది. మొహం కాస్త తెల్లబడినట్టు కూడా అనిపించి, మా చెల్లెలికి ఫోన్ చేసి ఆ ట్యూబు పేరు చెప్పాను. అలా నెలన్నర రాసింది పిల్ల. ట్యూబు అయిపోయి, పరీక్షల గొడవలో మళ్ళీ కొనడం కుదరలేదు. వారం తిరక్కుండా మొహమంతా ఆవాలు చల్లినట్టు ఎర్రటి పొక్కులు. మంట. ఎండలోకి వెళ్తే మరీను. పెదవి పైన ఎన్నడూ లేని నూగు.

అప్పుడు వెళ్ళాం చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి. ఆవిడ పిల్ల మొహం చూసి, ముందు "ఆ ట్యూబు తెచ్చారా?" అని అడిగారు. నేనింకా ట్యూబు సంగతి చెప్పనే లేదు! స్టీరాయిడ్, యాంటీబయాటిక్, తామరకి వాడే మందు, మూడూ కలిపిన క్రీమట అది. స్టీరాయిడ్ వాపునీ ఎరుపునీ అణిచేస్తుంది కాబట్టి మొదట్లో మొటిమలు పోయినట్టే కనిపిస్తాయి. వారాల తరబడి మొహానికి రాస్తే చర్మం పల్చబడుతుంది, సన్నటి రక్తనాళాలు బయటికి కనిపిస్తాయి, వెంట్రుకలు వస్తాయి, అసలు లేనివాళ్ళకి కూడా మొటిమలు పుడతాయి. మానేస్తే ఒక్కసారిగా తిరగబెడుతుంది. తిరగబెట్టిందని మళ్ళీ అదే ట్యూబు కొంటాం. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటాసోన్ అనే పేర్లు ట్యూబు మీద ఉంటే సొంతంగా మొహానికి రాయొద్దన్నారు. ఇలాంటి 14 రకాల స్టీరాయిడ్ పూతమందుల్ని చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్రప్రభుత్వం 2018లోనే నిబంధన తెచ్చిందట. ఇంటికొచ్చి ఖాళీ ట్యూబు తిప్పి చూశాను. హెచ్చరిక దానిమీదే ఉంది, సన్నటి ఇంగ్లీషు అక్షరాల్లో. నేను డిగ్రీ చదివాను. చీర కొంటే అంచు నుంచి కొంగు దాకా తిప్పి చూసేదాన్ని, ఆ ట్యూబు తిప్పి చూడలేదు.

ఇక గిల్లుకోవడం సంగతి. మా అమ్మాయే అడిగింది, "చీము వచ్చేస్తే నొక్కి తీసేయడమే మంచిది కదండీ? లోపలుంటే చెడుకదా?" అని. మనలో చాలామందికున్న అనుమానమే ఇది. డాక్టరు గారు ఓ కాగితం వెనక మెడ సన్నగా ఉన్న కుండ బొమ్మ గీశారు. వెంట్రుక మొలిచే గుంట అలాంటిదట. దాని పక్కన నూనె తయారుచేసే గ్రంథి ఉంటుంది. ఎదిగే వయసులో హార్మోన్ల వల్ల నూనె ఎక్కువగా ఊరుతుంది, చర్మపు మృతకణాలు కలిసి మూతి దగ్గర బిరడాలా బిగుసుకుంటుంది. లోపలున్న సూక్ష్మజీవులు పెరుగుతాయి, వాపు మొదలవుతుంది. రెండు వేళ్ళతో నొక్కినప్పుడు పైకి వచ్చేది కాస్తే. మిగతాది కిందికి పోతుంది. కుండ పక్కగోడ పగిలి, ఆ చీమూ కొవ్వూ చర్మం లోపలి పొరల్లోకి చిమ్ముతాయి. అందుకే ఆవగింజంత మొటిమ మర్నాటికి రేగుపండవుతుంది. లోతుగా దెబ్బతిన్న చోట మానేటప్పుడు గుంట పడుతుంది. ఆ గుంటల్ని లేజరుతోనూ ఇతర పద్ధతుల్లోనూ కొంతవరకు పూడ్చగలరుగానీ పూర్తిగా మాయం చెయ్యడం కష్టమట. నా బుగ్గ మీద చెయ్యి వేసుకుని విన్నాను ఇదంతా.

మనలాంటి చామనఛాయ చర్మానికి ఇంకో బాధ ఉంది. మొటిమ తగ్గినా ఆ చోటు నల్లగా అయి నెలల తరబడి ఉండిపోతుంది. గిల్లితే ఆ నలుపు మరీ ఎక్కువ. ముక్కు దగ్గర్నుంచి నోటి రెండు కొసల దాకా ఉన్న చోట గిల్లితే ప్రాణానికే ముప్పని పెద్దవాళ్ళు భయపెడుతుంటారు. అది ఉత్తమాట కాదు. అక్కడి రక్తనాళాలకి తల లోపలి రక్తనాళాలతో సంబంధముంది, అక్కడి చీము లోపలికి పాకే వీలుంది. ఐతే అది చాలా చాలా అరుదు. పిల్లల్ని హడలగొట్టడానికి దాన్ని వాడకండి. బాగా వాచి, నొప్పి చేసి, జ్వరం వస్తే మాత్రం ఆలస్యం చెయ్యకూడదు.

తప్పనిసరిగా తీయాల్సినవి డాక్టర్లే శుభ్రమైన పరికరంతో తీస్తారు. మనం చేయగలిగిందల్లా గోరువెచ్చటి నీళ్ళలో ముంచిన మెత్తటి గుడ్డ కాసేపు అద్దడం, దానంతట అది పగిలితే నొక్కకుండా తుడిచెయ్యడం. ఇప్పుడు మొటిమ మీద అంటించే చిన్న బిళ్ళలు దొరుకుతున్నాయి. మా అమ్మాయికి అవి చాలా పనికొచ్చాయి, చెయ్యి ఊరుకోనప్పుడు వేలికి అడ్డం పడతాయి!

పెళ్ళిలో విన్న చిట్కాలన్నీ ఓ కాగితం మీద రాసి పట్టుకెళ్ళాను. లవంగం, టూత్‌పేస్టు, నిమ్మరసం చర్మాన్ని కాలుస్తాయి, నలుపు పెరుగుతుంది, మానేయమన్నారు. సున్నిపిండి తప్పు కాదుగానీ మొటిమల మీద రుద్దితే తప్పే. పల్లీలకీ మొటిమలకీ ముడిపెట్టే గట్టి ఆధారం లేదట. తీపి పదార్థాలు, కూల్‌డ్రింకులు, మైదా తగ్గిస్తే కొందరికి మేలు. తలకి నూనె దట్టంగా పెట్టి నుదుటి మీదికి కారనిస్తే అక్కడ మొటిమలు వస్తాయి. ఈ ఒక్కటీ మా అత్తగారికి నచ్చలేదు. బ్లాక్‌హెడ్ నలుపు మురికి కాదు, లోపలి పదార్థానికి గాలి తగిలి వచ్చే రంగు. కాబట్టి రోజుకి పదిసార్లు సబ్బుతో కడిగితే ఒరిగేదేమీ లేదు, రెండుసార్లు చాలు. ఆయుర్వేదంలో వీటిని యౌవన పిడకలంటారని నేనెక్కడో చదివింది చెప్తే, గోడమీద కొట్టే పిడకలు గుర్తొచ్చి మా అమ్మాయి చాన్నాళ్ళకి పగలబడి నవ్వింది.

స్టీరాయిడ్ దెబ్బ నుంచి చర్మం తేరుకోవడానికే కొన్ని వారాలు పట్టింది. తర్వాతే మొటిమలకి మందు. రాత్రిపూట అడాపలీన్ 0.1 శాతం జెల్, మొహం మొత్తానికి బఠానీగింజంత. పొద్దున్న బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం. ఎండకి సన్‌స్క్రీన్. ఇది మా అమ్మాయికి రాసింది, అందరికీ ఇదే అనుకుని కొనేయకండి. నాలాంటి వాళ్ళు ఒకరు చాలు. గర్భిణులు, పిల్లలు కావాలనుకుంటున్నవాళ్ళు అడాపలీన్ వాడకూడదు. బాగా ముదిరిన వాటికి ఇచ్చే ఐసోట్రెటినాయిన్ మాత్రలైతే కడుపులో బిడ్డకి తీవ్రమైన లోపాలు తెస్తాయి, అవి వాడుతున్నన్నాళ్ళూ, ఆపాక ఇంకో నెలా గర్భం రాకూడదు. నెలసరి సరిగా రాక, గడ్డం మీద వెంట్రుకలు కూడా వస్తుంటే ముందు హార్మోన్ల పరీక్ష చేయించాలి.

అన్నిటికంటే కష్టమైంది ఓపిక. మొదటి రెండు మూడు వారాలు పొట్టు రాలింది, మంట పుట్టింది, ఇంకా ఎక్కువైనట్టే కనిపించింది. ఫలితం తెలియడానికి రెండు మూడు నెలలు పడుతుందని డాక్టరు గారు ముందే చెప్పబట్టి సరిపోయింది, లేకపోతే నేనే మాన్పించేదాన్ని. నాలుగు రోజుల్లో పోగొట్టే మందు కావాలని షాపులో అడిగేది పెళ్ళికో, ఫొటోకో, ఎవరో ఏదో అంటారనో ఆత్రపడే మనమే కదా!

అందుకే మా ఇంట్లో ఓ కట్టడి పెట్టాను. పిల్ల మొహం గురించి పిల్ల ముందు ఎవరూ మాట్లాడకూడదు. మా వారు వెంటనే ఒప్పుకున్నారు. అత్తగారు ఒప్పుకోవడానికి నెల పట్టింది. అందరికంటే ఎక్కువసార్లు తప్పింది నేనే. పొద్దున్న కాఫీ ఇస్తూ నా కళ్ళు దాని గడ్డం మీదికే పోయేవి. నోరు మూసుకున్నా కళ్ళు ఊరుకోవుగా! "అమ్మా, చూస్తున్నావ్" అనేది.

ఇప్పుడు దాని మొహం అద్దంలా ఏమీ లేదు. పొక్కులు చాలావరకు తగ్గాయి, మచ్చలింకా ఉన్నాయి. ఆ పొద్దుటి జెల్ అంటుకుని నా నీలం తువ్వాలు అక్కడక్కడ తెల్లబడిపోయింది. దిండు గలీబులూ అంతే.

మొన్న శ్రావణ శుక్రవారం పేరంటానికి పెద్దత్తగారింటికి బయల్దేరాం. గుమ్మం దగ్గర ఆగి, "అమ్మా, ముక్కు పక్కన కొత్తది ఒకటొచ్చింది. కనిపిస్తోందా?" అని అడిగింది.

"ఆఁ, కనిపిస్తోంది" అన్నాను.

"సర్లే" అని చెప్పులు వేసుకుంది.