నీళ్లొచ్చే వేళ చెప్పండి, తొట్టెలు మేం కడుగుతాం

మున్సిపల్ కమిషనర్ గారికి,

అయ్యా, మా వీధికి మూడు రోజులకోసారి కుళాయి నీళ్లు వస్తాయి. ఏ గంటకు వస్తాయో తెలియదు. అందుకే ప్రతి ఇంటి ముందూ ఓ నీలం డ్రమ్ము, సిమెంటు తొట్టి. నిన్న మా తొట్టిలో టార్చి వేసి చూశాను. నీళ్లు తేటగానే ఉన్నాయి. వెలుతురు పడగానే సన్నటి పురుగులు మెలికలు తిరుగుతూ అడుక్కి దిగిపోయాయి. దోమ పిల్లలవి. డెంగీ దోమకు మురుక్కాలవ అక్కర్లేదు, మేం వాడుకునే ఈ మంచినీళ్లే చాలు.

మీరు సాయంత్రాలు పొగబండి పంపుతున్నారు. పొగకు చచ్చేవి ఎగిరే దోమలే. నీళ్లలోని పురుగులు వారం పది రోజుల్లో మళ్లీ దోమలవుతాయి. పైగా ఈ దోమ పగలు కుడుతుంది. రాత్రి కట్టే దోమతెర పిల్లల్ని ఎంతవరకు కాపాడుతుంది?

వారానికోసారి తొట్టి ఖాళీ చేసి, అంచులు పీచుతో రుద్దమని మీ సిబ్బంది అంటారు. నిజమే, అంచుకు అంటుకున్న గుడ్లు ఎండినా నెలల తరబడి బతుకుతాయి. కానీ మళ్లీ నీళ్లెప్పుడొస్తాయో తెలియని ఇల్లాలు నిండు తొట్టి ఎలా పారబోస్తుంది? మా పక్కింటి పాప పోయిన నెల డెంగీతో ఐదు రోజులు ఆసుపత్రిలో ఉంది. కూలికి వెళ్లే వాళ్ల నాన్న అన్నాళ్లూ పనికి పోలేదు.

నీళ్లు వదిలే రోజు, వేళ వీధి మొదట్లో బోర్డు మీద రాయించండి, దాన్ని తప్పకండి. మా వీధి చివర కట్టడం ఆగిపోయిన అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నిలిచిన నీటిని మోటారు పెట్టి తోడించండి. తొట్టెలు కడిగే పూచీ మాది. వానలు ముదరకముందే ఈ రెండు పనులూ చేయించండి.

ఇట్లు,
మీ పట్టణ గృహస్థు